పెండ్లికుమారుని టై



ఈ నెల మేము టై గూర్చి వ్రాయుచున్నాము. మెడలో కట్టుకునే టై గూర్చే. సంఘకాపరికి వ్రాయడానికి వేరే సంగతులు లేవా అని నవ్వేవారు నవ్వవచ్చు. ఒకప్పుడు మేమును అట్లాగే నవ్వేవారము. ఒక పెండ్లి మా మనస్సు మార్చింది.

అది మే నెల. మంచిర్యాల వైపు గోదావరి ఒడ్డునున్న ఒక పల్లె. పెండ్లికుమారుడు తాపీ పనివాని పెద్ద కుమారుడు, బొగ్గుగని దగ్గర కాంట్రాక్టు కూలి. పట్నము నుండి సూటు కిరాయికి తెచ్చారు. టై కట్టడము ఇంట్లో ఎవరికీ రాదు. ఒక స్నేహితుడు తన మెడలో ముడి వేసుకొని, వదులు చేసి, తలమీదుగా తీసి ఇతని మెడలో వేశాడు. మన పల్లెలలో చాలా టైలు ఇట్లాగే మెడ మారుతాయి. ఎండకు కోటు గుండీలు పెట్టుకోలేక విప్పి ఉంచాడు.

గుడి చిన్నది, జనము ఎక్కువ. పెండ్లివారికి గాలి తగలాలని ఎవరో మంచి మనస్సుతో ఒక పెద్ద స్టాండు ఫ్యాను తెచ్చి బల్ల ప్రక్కనే పెట్టారు. ప్రమాణము చెప్పే సమయము వచ్చింది. ఇద్దరి కుడిచేతులు కలిపించాము. మేము ఒక్కొక్క మాట చెప్పుచుండగా అతడు తిరిగి చెప్పుచున్నాడు. ఇంతలో ఫ్యాను ఇటు తిరిగింది. టై లేచి అతని భుజము మీద పడింది. ఎడమచేతితో దించుకున్నాడు. ఫ్యాను అటు పోయి మళ్లీ వచ్చింది. ఈసారి టై నేరుగా ముఖాన కొట్టింది. ఆడపిల్లల వరుసలో ఒకరు కిసుక్కున నవ్వారు, తరువాత గుడి అంతా నవ్వింది. పిల్లవాడు మాట మరచిపోయాడు. ఒకే మాట మూడుసార్లు చెప్పించవలసి వచ్చింది. అతని చెవులు ఎర్రబడినవి.

అప్పుడు మూడవ వరుసలోనుండి తండ్రి లేచి వచ్చాడు. సున్నము మరకలు పోని చేయి ఆయనది. ఆ చేయి కుమారుని రొమ్ము మీద ఆనించి, టైని ఒత్తిపట్టి, అతని ప్రమాణము ముగిసేవరకు, పెండ్లికుమార్తె ప్రమాణము కూడ ముగిసేవరకు అట్లాగే నిలబడ్డాడు. నవ్వు ఆగిపోయింది. ఫ్యాను ప్రక్కకు తిప్పాలని ఎవరికీ తోచలేదు. మాకును తోచలేదు.

సాయంకాలము భోజనాల తరువాత ఆయన మా దగ్గరకు వచ్చి అన్నాడు: "అప్పు చేసి తెచ్చిన సూటు అయ్యగారూ. మా పోరన్ని చూసి నలుగురు మంచిగున్నడు అనాలెనని తెచ్చిన. నవ్విరి."

ఆ మాట మమ్మును చాలా రోజులు విడువలేదు. ఒక్క పిన్నీసు, అర్ధ నిమిషము పని. అది తెలిసినవాడు ఆ గుడిలో ఒక్కడుంటే ఆ తండ్రి లేచి రావలసిన పని లేకపోయేది. అందుచేత టై గూర్చి తెలిసినవారిని అడిగి నేర్చుకున్నాము. నేర్చుకున్నది ఇక్కడ వ్రాయుచున్నాము.

మొదట ఒక మాట. టై మనది కాదు. ఐరోపాలో 1618 నుండి 1648 వరకు జరిగిన ముప్పయ్యేండ్ల యుద్ధకాలములో క్రొయేషియా సిపాయిలు మెడకు కట్టుకున్న రుమాళ్లు చూచి ఫ్రాన్సువారు ముచ్చటపడి నేర్చుకున్నారని చెప్తారు. క్రవాత్ అనే మాట క్రొయేషియా వారి పేరునుండే పుట్టింది. అది దొరల వెంట మన దేశానికి వచ్చి, మన పెండ్లి పీటల మీద స్థిరపడింది. మాకు ఇందులో ఒక వింత కనబడుతుంది. 1939లో ప్రతిష్ఠ జరిగిన దోర్నకల్ కెతెడ్రలును బిషప్ అజరయ్యగారు మన దేశపు కట్టడాల పోలికలోనే కట్టించారు. గుడికి స్వదేశపు బట్ట తొడిగాము, పెండ్లికుమారునికి మాత్రము పరదేశపు బట్టే తొడుగుచున్నాము!

టై లేకపోతే వివాహము చెల్లదని ఎక్కడా లేదు. ధోవతి, లాల్చీ వేసుకొని వచ్చిన పెండ్లికుమారులకును మేము సంతోషముగా వివాహము చేశాము. సౌలు కవచము తొడుక్కున్న దావీదు, అలవాటు లేదని చెప్పి దానిని తీసివేసిన సంగతి 1 సమూయేలు 17వ అధ్యాయములో చదువుచున్నాము. కాని మన పెండ్లికుమారులకు ఆ స్వాతంత్ర్యము ఎక్కడిది? బావమరదులు ఊరుకోరు, ఫోటోలు తీసేవాడు అసలే ఊరుకోడు. కాబట్టి వేసుకున్నది వంకర పోకుండా వేసుకోవడమెట్లాగో చూద్దాము.

టై జారిందంటే అందరూ ముడిని తప్పు పడతారు. చాలాసార్లు తప్పు అంగిది. మెడ గుండీ పెట్టుకోకుండా, దానిని టైతో కప్పివేస్తే ముడికి ఆధారము ఉండదు. పది నిమిషాలలో క్రిందికి దిగుతుంది. కాలరు బిగుతుగా ఉంటే ఊపిరాడదు, వదులైతే ముడి ఒక ప్రక్కకు పోతుంది. గుండీ పెట్టుకున్న తరువాత కాలరుకు మెడకు నడుమ ఒక వ్రేలు దూరితే సరిపోయినట్లే. కిరాయి అంగి కాలరు పెద్దదైతే మెడ గుండీని విప్పి కొంచెము లోపలికి జరిపి కుట్టండి. పెండ్లి అయ్యాక మళ్లీ దాని చోటున కుట్టి ఇవ్వవచ్చు.

రెండవది టై బట్ట. సిరిసిల్లలో మగ్గము తెలిసిన మన సహోదరులకు ఇది వెంటనే అర్థమవుతుంది. పడుగు వెంట లాగితే బట్ట సాగదు, పేక వెంట లాగినా అంతగా సాగదు, మూలకు లాగితే సాగుతుంది. మంచి టైని ఈ ఏటవాలులోనే కత్తిరిస్తారు. మన దర్జీలు దీనిని క్రాసు అంటారు. న్యూయార్కులో జెస్సీ లాంగ్స్‌డార్ఫ్ అనే ఆయన 1920లలో టైని ఇట్లా క్రాసులో కత్తిరించి మూడు ముక్కలుగా కలిపి కుట్టే పద్ధతి తెచ్చాడు. అట్లా కుట్టిన టై ముడిలో సాగి పట్టు నిలుపుకుంటుంది, విప్పితే మళ్లీ తన రూపానికి వస్తుంది. దుకాణములో పరీక్షించడము సులువు. సన్నకొన పట్టుకొని టైని వ్రేలాడదీయండి. తిన్నగా వ్రేలాడితే తీసుకోండి. మెలితిరిగితే అది గుడిలో కూడ మెలితిరుగుతుంది.

ఇక ముడి. అద్దము ముందు నిలబడి వెడల్పు కొన కుడివైపుకు, సన్నకొన ఎడమవైపుకు వచ్చునట్లు మెడలో వేసుకోవాలి. వెడల్పు కొన జానెడు కంటె కొంచెము ఎక్కువ దిగువగా ఉండాలి. దానిని సన్నకొన మీదుగా ఎడమకు, అడుగునుండి కుడికి, మళ్లీ మీదుగా ఎడమకు త్రిప్పండి. తరువాత మెడ దగ్గర లోపలినుండి పైకి తీసి, ముందు ఏర్పడిన చుట్టులోనుండి క్రిందికి దించండి. సన్నకొన పట్టుకొని ముడిని పైకి జరపండి. చాలామంది కట్టే మామూలు ముడి ఇదే. పాలిస్టరు టై నున్నగా ఉండి జారిపోతుంటే, పైకి తీయక ముందు మరొక చుట్టు త్రిప్పితే ముడి లావై నిలుస్తుంది. బిగించేటప్పుడు ముడి క్రింద నడుమ చూపుడు వ్రేలితో నొక్కి ఒక చిన్న గుంట చేయాలి. అది అందానికే అని మేము అనుకున్నాము. కాదట. ఆ మడత వలన బట్ట తనను తానే పట్టుకుంటుంది.

విండ్సర్ ముడి అని లావాటి ముడి ఒకటి ఉన్నది. దానికి ఏ దొరగారి పేరు పెట్టారో ఆ విండ్సర్ ప్రభువు దానిని కట్టనేలేదట. తన టైలను దళసరి బట్టతో కుట్టించుకొని మామూలు ముడే వేసేవాడట. కాబట్టి అది రాదని ఎవరును దిగులుపడనక్కరలేదు.

కట్టిన టై కొన బెల్టు బిళ్ల దగ్గర ఆగాలి. పొట్టిగా ఉంటే పొట్ట మీద ఎగురుతుంది. పొడుగైతే కూర్చున్నప్పుడు ఒడిలో ముడుచుకుంటుంది. మొదటిసారి సరిగా రాదు. ముడి వేసి, చూచి, విప్పి, మళ్లీ వేయాలి. అందుకే పెండ్లి ఉదయము బండి వచ్చి నిలిచిన తరువాత మొదలు పెట్టవద్దు. ముందురోజు సాయంకాలము రెండుమూడు సార్లు కట్టి చూడండి.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాము. ముడి ఎంత బాగున్నా టై క్రింది భాగము గాలిలోనే ఉంటుంది. దీనిని ఆలోచించుచుండగా నిర్గమకాండము 28వ అధ్యాయము మాకు కొత్తగా కనబడింది. అహరోను రొమ్ముమీది పతకమును గూర్చి దేవుడు మోషేకు చెప్పిన కొలతలు చూడండి. జానెడు పొడుగు, జానెడు వెడల్పు, నాలుగు వరుసలలో పన్నెండు రత్నాలు, వాటిమీద గోత్రముల పేర్లు. పైభాగమును బంగారు గొలుసులతో భుజములకు తగిలించమన్నాడు. అంతటితో ఊరుకొనలేదు. క్రింది అంచుకు కూడ ఉంగరాలు పెట్టించి, నీలి సూత్రముతో ఏఫోదుకు కట్టించాడు. ఎందుకు? పతకము ఏఫోదునుండి ఊడిరాకుండా ఉండడానికని 28వ వచనమే చెప్పుచున్నది. పైన మాత్రమే కట్టినదేదైనా మనిషి వంగగానే ముందుకు ఊగుతుంది. అహరోను నిప్పు, నెత్తురు, నీళ్లు ఉన్నచోట వంగి పనిచేసేవాడు. వేదాంత పాఠశాలలో ఈ అధ్యాయము పరీక్షకు చదివినప్పుడు మేము రత్నాల పేర్లు కంఠస్థము చేశాము గాని, ఆ నీలి సూత్రమును గమనించనే లేదు.

టైకి అటువంటి క్రింది కట్టు నాలుగు విధాలుగా కుదురుతుంది.

టై వెనుకకు త్రిప్పి చూస్తే వెడల్పు కొన వెనుక ఒక చిన్న పట్టీ ఉంటుంది, కొన్నిటికి దానిమీదే పేరు నేసి ఉంటుంది. సన్నకొనను అందులో దూర్చాలి. అప్పుడు రెండు కొనలు కలిసి ఉంటాయి. చాలామంది ఆ పట్టీని కంపెనీ చీటీ అనుకొని కత్తిరించి పారవేస్తారు! ఊడిపోయి ఉంటే నాలుగు కుట్లు వేయండి.

అయితే రెండు కొనలు కలిసినంత మాత్రాన టై అంగికి అంటుకోదు. దానికి క్లిప్పు కావాలి. అంగికి మూడవ గుండీకి నాలుగవ గుండీకి నడుమ, అడ్డముగా తిన్నగా పెట్టాలి. వెడల్పు కొన, సన్నకొన, గుండీలు కుట్టిన అంగి అంచు, ఈ మూడును క్లిప్పు నోటిలోకి రావాలి. మనవారు చేసే పొరపాటు ఇక్కడే. రెండు కొనలకు మాత్రమే క్లిప్పు పెట్టి అంగిని వదిలేస్తారు. అప్పుడు గాలికి టైతోపాటు క్లిప్పు కూడ లేస్తుంది. బరువు వలన దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. క్లిప్పు పెట్టకముందు టైని పై భాగములో కొంచెము వదులుగా లాగి ఉంచాలి. లేకపోతే పాట పాడడానికి తల ఎత్తినప్పుడు అంగి గుంజుతుంది. క్లిప్పు టై వెడల్పు కంటె పొడుగుగా ఉండకూడదు.

క్లిప్పు లేనివారికి పిన్నీసు ఉన్నది. దీనిని ముందునుండి గుచ్చరు. వెడల్పు కొనను ప్రక్కకు తీసి, వెనుకనున్న సన్నకొనను అంగి అంచుకు కలిపి గుచ్చాలి. తరువాత సన్నకొనను పట్టీలో దూర్చి, వెడల్పు కొనను యథాస్థానమునకు తెస్తే పిన్నీసు ఎవరికీ కనబడదు, టై ముందువైపు రంధ్రము పడదు. పట్టీ గట్టిగా ఉంటేనే ఇది పనిచేస్తుంది. ఆ పల్లె పెండ్లిలో కావలసినది ఇంతే.

మా ఇంట్లో అమ్మగారు ఇంతకంటె మంచి ఉపాయము చేసింది. మూడు అంగుళాల నాడా ముక్క తీసుకొని రెండు చివరల కాజాలు కుట్టింది. నాడాను టై వెనుక పట్టీలోనుండి దూర్చి, రెండు కాజాలను అంగి గుండీకే తగిలిస్తే చాలు. పిన్ను లేదు, క్లిప్పు లేదు, టై అటూ ఇటూ కొంచెము కదులుతుంది గాని ఎగరదు. బడి పిల్లల టైలకు ఇది మరీ మంచిది.

పిన్నుల మాట వచ్చింది గనుక మరొకటి చెప్పాలి. ఒక పెండ్లిలో మేనమామ పెండ్లికుమారునికి కరీంనగర్ వెండి తీగ పనితో చేయించిన టై పిన్ను పెట్టాడు. ఎంత సన్నని పని! ఆ ఫిలిగ్రీకి 2007లో భౌగోళిక గుర్తింపు వచ్చిన సంగతి మీలో చాలామందికి తెలుసు. పరదేశపు టై మీద మన ఊరి కంసాలి చేతిపని చూచి మాకు సంతోషము కలిగింది. కాని తీగ అంచులు పట్టు దారాలను లాగుతాయి. అటువంటిది పెట్టేవారు అడుగున చిన్న బట్ట ముక్క ఆనించండి.

టై కదలకుండా ఉంచడము ఎంత మంచిదో, కొన్నిచోట్ల అది తేలికగా ఊడిరావడమును అంత మంచిది. జగిత్యాల ప్రాంతమునుండి గల్ఫుకు వెళ్లి కావలి పని చేసివచ్చిన ఒక సహోదరుడు తన టై మాకు చూపాడు. ముడి ముందే కుట్టి ఉంది, వెనుక ఒక కొక్కెము. కాలరుకు తగిలించుకోవడమే. "ఎందుకట్ల?" అని అడిగితే, "ఎవడన్న పట్టి గుంజితే టై వాని చేతికి రావాలె, మెడ నాకు ఉండాలె అయ్యగారూ" అన్నాడు. మేము చాలాసేపు నవ్వాము. తరువాత మన పిల్లలు జ్ఞాపకము వచ్చారు. ఇప్పుడు చిన్న ఊళ్లలో కూడ ఇంగ్లీషు మీడియము బడి ఉన్నది, బడికి టై ఉన్నది. ఎలాస్టిక్ టై లాగి వదిలితే సాగుతుంది, కాని జారుడుబల్ల మొలకు, ఊయల గొలుసుకు చిక్కుకుంటే ప్రమాదమే. ఆటకు వెళ్లేముందు టై తీసి జేబులో పెట్టుకోమని పిల్లలకు నేర్పండి. బండి చక్రము, పిండిమిల్లు బెల్టు, కుట్టుమిషను, ఇవి తిరిగేచోట ఎవరి మెడలోను టై ఉండకూడదు. తిరుగుచున్న యంత్రమును సరిచేసే పనివాడు బిగుతైన బట్టలే వేసుకోవాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టములోనే వ్రాశారు. గనులలో పనిచేసే మన సంఘస్థులకు ఇది మేము చెప్పనక్కరలేదు.

నిప్పు సంగతి మా స్వంత అనుభవము. వేదాంత విద్యార్థిగా ఉన్న రోజులలో క్రిస్మస్ కొవ్వొత్తుల ఆరాధనకు మేమును టై కట్టి వెళ్లాము. ముందు వరుసలోని ఒక పిల్లవాని కొవ్వొత్తి వెలిగించడానికి వంగాము. క్లిప్పు లేదు. టై కొన మంటకు తగిలింది. పాలిస్టరు నూలువలె కాలి బూడిద కాదు, కరిగి కారుతుంది. చేతితో ఆర్పబోతే వ్రేలికి అంటుకుంది. ఆ మచ్చ ఇప్పటికీ ఉన్నది. నాటినుండి వంగి చేయవలసిన పని ఏదైనా ఉంటే, టై కొనను అంగి గుండీల నడుమ లోపలికి దోపుకుంటాము. ఒకప్పుడు అమెరికా సైనికులు కూడ టైని అట్లాగే అంగిలోకి దోపుకునేవారు. భోజనాల బంతిలో పప్పుచారుకు కూడ ఇదే మందు.

ఆసుపత్రికి రోగులను చూడబోయేటప్పుడు టై వద్దు. ఒక మంచము మీద వంగినప్పుడు తగిలినది తరువాతి మంచానికి వెళ్తుంది. అంగిని రోజూ ఉతుకుతాము, టైని ఎవరు ఉతుకుతారు? ఇంగ్లండులో 2007లో ఆరోగ్యశాఖ వారు రోగులను చూచే వైద్యులకే టై వద్దని సలహా ఇచ్చారు.

పెండ్లి అయిపోయాక టైని ముడితోనే తలమీదుగా తీసి మేకుకు తగిలించవద్దు. ముడిపడ్డచోట బట్ట నలిగి, మరుసటిసారి అక్కడే వంకరపోతుంది. కట్టిన వరుసకు ఎదురుగా విప్పి, చుట్టచుట్టి పెట్టెలో పెట్టండి. ఇస్త్రీ చేయవలసివస్తే పైన పలుచని బట్ట పరచి చేయండి.

ఆ తాపీ పనివాని సంగతి ముగించాలి. రెండేండ్లకు ఆయన చిన్న కుమారుని పెండ్లి అదే గుడిలో జరిగింది. మేము ముందుగానే వెళ్లి వెనుక గదిలో అంగీ మార్చుకొనుచుండగా ఆయన పిల్లవానిని వెంటబెట్టుకొని వచ్చాడు. ఈసారి టై స్వంతముగా కొన్నదట. మా సంచిలోనుండి పిన్నీసు తీయబోయాము.

"ఉన్నది అయ్యగారూ" అని ఆయన తన జేబులోనుండి రెండు పిన్నీసులు తీశాడు. ఒకటి పెట్టడానికి, ఒకటి పోతే పెట్టడానికి. కుమారుని ఎదుట నిలబడి, వెడల్పు కొన ప్రక్కకు తీసి, తాపీ తూకము చూచినట్లు ఒక కన్ను మూసి చూచి, మేము చెప్పినట్లే లోపలినుండి గుచ్చాడు. రెండడుగులు వెనుకకు వేసి మళ్లీ చూచాడు.

"ఫ్యాను?" అని అడిగాము.

"దర్వాజ కాడికి జరిపించిన."

ప్రమాణములు జరిగినంతసేపు ఆయన మూడవ వరుసలో చేతులు కట్టుకొని కూర్చొనే ఉన్నాడు.